చేతి కంప్యూటర్ మీద లైట్లు, లేబుళ్ళు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

రాత్రి చార్జింగ్ పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే లైటు ఆరిపోయి ఉంది, ఫుల్ అయిందనుకుని కేబుల్ పీకేసి బ్యాగులో వేసుకుని బయల్దేరాను. తీరా పనిలో కూర్చుని ఆన్ చేస్తే బ్యాటరీ నాలుగు శాతం. రాత్రి ఎప్పుడో ప్లగ్గు వదులై చార్జింగ్ ఆగిపోయింది, ఆ పరికరంలోనేమో బ్యాటరీ నిండినా లైటు ఆరిపోతుంది, కరెంటు రాకపోయినా ఆరిపోతుంది.

చేతిలో పట్టే కంప్యూటర్లు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటివి చాలా చూశాను. లైటు తనంతట తాను పాడవడం అరుదు. ఆ లైటుని చిప్పులో ఏ పిన్నుకి కలిపారు అన్న దగ్గరే తేడా మొదలవుతుంది. చిప్పుకి తెలిసిన సంగతి ఒకటి, పరికరం పట్టుకున్న మనిషి అడిగే ప్రశ్న ఇంకొకటి, మనం తేలికగా ఉంది కదా అని మొదటిదాన్నే లైటుకి కలిపేస్తాం. కింద రాసిన సమస్యల్లో చాలావాటికి మూలం ఇదే.

సమస్య: లైటు ఆరిపోయింది, నిండిందా లేక చార్జింగే అవట్లేదా?

కారణం: చాలా చార్జర్ చిప్పుల్లో చార్జింగ్ నడుస్తున్నంతసేపు చిప్పు ఒక పిన్ను వోల్టేజీని సున్నా దగ్గరికి లాగి ఉంచుతుంది, అప్పుడు దానికి కలిపిన లైటు వెలుగుతుంది, పని అయిపోగానే వదిలేస్తుంది. ఆ పిన్నుకి ఒకే ఎల్‌ఈడీ తగిలిస్తే "నడుస్తోంది", "నడవట్లేదు" అన్న రెండే కబుర్లు వస్తాయి. నడవకపోవడానికి కారణం బ్యాటరీ నిండడమా, కేబుల్ ఊడడమా, బ్యాటరీ వేడెక్కి చిప్పే ఆపేసిందా అన్నది మనకి తెలియదు.

పరిష్కారం: కేబుల్ తగిలి ఉన్నంతసేపు ఏదో ఒక లైటు వెలుగుతూనే ఉండాలి. చార్జింగ్‌లో ఉంటే ఒక రకం, నిండాక ఇంకో రకం. ఆరిపోవడం అంటే ఒకే అర్థం, కరెంటు రావట్లేదు. చవకలో దొరికే టీపీ4056 చిప్పులో కూడా చార్జింగ్‌కి ఒక పిన్ను, నిండినదానికి వేరే పిన్ను ఉన్నాయి, రెండోదాన్ని ఖాళీగా వదిలేయకుండా దానికీ ఒక ఎల్‌ఈడీ పెడితే సగం గొడవ తీరిపోతుంది. లోపం వచ్చినప్పుడు వేగంగా వెలిగి ఆరేలా ఫర్మ్‌వేర్‌లో, అంటే పరికరం లోపలే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రాములో రాస్తే మిగతా సగం కూడా తీరుతుంది.

సమస్య: ఎరుపా, ఆకుపచ్చా? కొంతమందికి రెండూ ఒకేలా ఉన్నాయి

దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే తయారుచేసేవాళ్ళకి ఇది కనిపించదు. ఒకసారి మా నమూనా పరికరాన్ని ఒక సహోద్యోగి చేతిలో పెట్టి "చార్జింగ్ అయిపోయిందా?" అని అడిగాను. ఆయన లైటు వైపు చూసి, నా వైపు చూసి, "ఏమో, ఇందాక ఏ రంగులో ఉంది?" అన్నారు. అప్పటికి ఆరు నెలలుగా మేమంతా అదే లైటు చూస్తూ పని చేస్తున్నాం, ఆయన కూడా రోజూ చూస్తూనే ఉన్నారు, కానీ ఆ రంగు తనకి పనికిరావట్లేదని ఎప్పుడూ చెప్పలేదు. మేం అడగలేదు కూడా, ఆ విషయం ఇప్పటికీ మనసులో ఉంది.

కారణం: ఎరుపు, ఆకుపచ్చ కలిసి ఉన్న రెండు రంగుల ఎల్‌ఈడీ చవక, చోటు తక్కువ తీసుకుంటుంది, రెండూ కలిపి వెలిగిస్తే పసుపు కూడా వస్తుంది. అందుకే అందరూ దాన్నే వాడతారు. కానీ ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్ళలో దాదాపు 8 శాతం మందికి, ఆడవాళ్ళలో 0.5 శాతం మందికి ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. మిగతా జనాభాల్లో ఈ లెక్క కాస్త తక్కువే ఉన్నా, ఎక్కడైనా చాలామందే ఉంటారు. పైగా ఒకే చోట, ఒకే సైజులో, ఒకటే రంగు మారే లైటయితే పక్కన పోల్చి చూసుకోవడానికి కూడా ఏమీ ఉండదు.

పరిష్కారం: రంగు ఒక్కదాని మీదే ఆధారపడకండి. రంగుతోపాటు ఇంకోటి కూడా మారాలి. అన్నిటికన్నా తేలిక వెలిగే తీరు మార్చడం: నిండితే నిలకడగా, చార్జింగ్ అవుతుంటే నెమ్మదిగా పెరిగి తగ్గుతూ. చోటు ఉంటే రెండు వేర్వేరు లైట్లు పెట్టండి, ఎడమది వెలిగితే ఒకటి, కుడిది వెలిగితే ఇంకొకటి. ఆకుపచ్చ తప్పదనుకుంటే కాస్త నీలం కలిసిన ఆకుపచ్చ తీసుకోండి, తరంగదైర్ఘ్యం 505 నానోమీటర్ల దగ్గర ఉండేది, ట్రాఫిక్ సిగ్నళ్ళలో వాడేది కూడా ఆ రకమే. పరీక్ష కూడా చాలా సులువు: మీ పరికరం అన్ని స్థితుల్లో ఉన్నప్పుడు వీడియో తీసి ఫోన్‌లో నలుపు-తెలుపుకి మార్చండి. అందులో తేడా తెలిస్తే ఎవరికైనా తెలుస్తుంది.

సమస్య: బ్యాటరీ తగ్గుతున్నకొద్దీ లైటు మసకబారుతోంది

1989లో వచ్చిన మొదటి గేమ్ బాయ్‌కి, అంటే చేతిలో పట్టుకుని ఆడే నింటెండో ఆట పరికరానికి, పక్కన ఒక ఎర్ర లైటు ఉండేది, బ్యాటరీలు అయిపోతుంటే అదీ మెల్లగా మసకబారేది. విడిగా మీటరేమీ లేకపోయినా ఆ మసకే మీటరు, నాకు చాలా నచ్చిన ఏర్పాటు అది. 2001లో గేమ్ బాయ్ అడ్వాన్స్ వచ్చేసరికి ఆకుపచ్చగా ఉండి, బ్యాటరీ తగ్గితే ఎర్రగా మారడం మొదలైంది. అయితే ఇవాళ కొన్ని పరికరాల్లో అనుకోకుండా వచ్చే మసక వేరు, అది మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

కారణం: నీలం, తెలుపు ఎల్‌ఈడీలు వెలగాలంటే సుమారు 3 వోల్టులు కావాలి, ఎరుపుకి దాదాపు 1.9 చాలు. లిథియం అయాన్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు, అడుగంటే ముందు 3.4 దగ్గర ఉంటుంది. మధ్యలో కరెంటుని అదుపుచేసే ఒక రెసిస్టర్ మాత్రమే పెట్టి నీలం లైటుని నేరుగా బ్యాటరీకి కలిపారనుకోండి, రెసిస్టర్ మీద మిగిలే వోల్టేజీ 1.2 నుంచి 0.4కి పడిపోతుంది, అంటే కరెంటు మూడో వంతుకి వచ్చేస్తుంది. అదే ఎరుపయితే 2.3 నుంచి 1.5కి, మూడింట రెండు వంతులు నిలబడుతుంది. బ్యాటరీ అయిపోతోందని గట్టిగా చెప్పాల్సిన సమయానికే నీలం లైటు కనిపించకుండా పోతుంది.

పరిష్కారం: లైటుకి ఎప్పుడూ ఒకే కరెంటు ఇచ్చే డ్రైవర్ చిప్ వాడండి. అంత ఖర్చు వద్దనుకుంటే, బ్యాటరీ తక్కువైందని చెప్పే లైటుకి మాత్రం ఎరుపో కాషాయమో పెట్టండి.

సమస్య: రాత్రి కళ్ళలో గుచ్చుతోంది, ఎండలో అసలు కనిపించదు

ఎవరైనా మీ పరికరం మీద లైటుకి నల్ల టేపు అంటించారంటే, ఆ డిజైన్ గురించి అంతకన్నా స్పష్టమైన ఫిర్యాదు ఉండదు. ఎక్కువగా అది నీలం లైటే అయి ఉంటుంది. చీకటికి అలవాటుపడ్డ కంటికి ఎరుపు మసకగా, నీలం వైపు రంగులు మరింత ప్రకాశంగా కనిపిస్తాయి. పగలు బల్ల దగ్గర కూర్చుని "బాగుంది" అనుకుని ఖాయం చేసిన వెలుగు రాత్రి గదంతా నింపేస్తుంది.

పరిష్కారం: స్క్రీన్ వెలుగు సరిచేసే సెన్సర్ ఎలాగూ ఉంటుంది కదా, దాన్నే లైటుకి కూడా వాడండి. అయితే సగం తగ్గించాలని వెలిగే సమయాన్ని సగం చేస్తే కంటికి సగం అయినట్టు ఉండదు, కన్ను అలా కొలవదు. పదో వంతుకి తగ్గించినా దాదాపు మూడో వంతు వెలుగులా అనిపిస్తుంది, కాబట్టి రాత్రికి ఒక శాతం, రెండు శాతం దాకా దించడానికి మొహమాటపడకండి. చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేసి వెలుగు తగ్గించే పద్ధతి వాడితే సెకనుకి కనీసం 200 సార్లకి పైనే పెట్టండి, అంతకన్నా తక్కువైతే పరికరం కదిలినప్పుడు లైటు చుక్కచుక్కలుగా కనిపిస్తుంది. ఎండ సంగతికొస్తే రంగు ప్లాస్టిక్ మూత పెట్టిన లైటు మీద ఎండ పడితే ఆరిపోయి ఉన్నా వెలుగుతున్నట్టే ఉంటుంది. రంగు మూత తీసేసి పొగరంగు మూత పెట్టండి, లైటుని కేసులో ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి దించండి.

సమస్య: పక్క లైటు వెలుగుతోంటే ఇది కూడా వెలిగినట్టుంది

వెలుగుని పైకి తెచ్చే ప్లాస్టిక్ ముక్కలు పక్కపక్కనే ఉండి, మధ్యలో గోడ లేకపోతే ఇంతే. కేసు లోపల ఒక్కో లైటు చుట్టూ నల్లటి అడ్డుగోడ కట్టాలి. తయారైపోయిన పరికరమైతే మధ్యలో నల్ల ఫోమ్ ముక్క పెట్టినా పనవుతుంది.

సమస్య: వెలిగి ఆరే లైటు ఏం చెబుతోందో తెలియట్లేదు

కారణం: ఒకే లైటుకి ఏడెనిమిది అర్థాలు అంటగట్టడం. మూడుసార్లు వెలిగితే వైఫై, నాలుగుసార్లు వెలిగితే మెమరీ కార్డు, ఒక పొడుగు రెండు పొట్టి అయితే అప్‌డేట్... ఇదంతా రాసినవాళ్ళకే గుర్తుంటుంది.

పరిష్కారం: మూడు తీరులకి మించి పెట్టకండి. నిలకడగా ఉంటే అంతా బాగుంది, నెమ్మదిగా ఉంటే ఆగండి, వేగంగా ఉంటే మీరేదో చేయాలి. మిగతా వివరాలు స్క్రీన్ మీద మాటల్లో చెప్పండి, స్క్రీన్ ఉందిగా. వేగం అన్నాను కదా అని మరీ ఎక్కువ పెట్టకూడదు, సెకనుకి మూడుసార్లకి మించి మెరిసే వెలుగు కొందరికి మూర్ఛ తెప్పించే ప్రమాదం ఉంది. నిద్రలో ఉన్న పరికరానికి బ్యాటరీ లెక్క కూడా చూసుకోవాలి. 2 మిల్లీయాంపుల లైటు రోజంతా వెలిగితే 48 మిల్లీయాంపు అవర్లు తాగేస్తుంది. అదే మూడు సెకన్లకోసారి 30 మిల్లీసెకన్లు మాత్రమే మెరిస్తే రోజుకి అర మిల్లీయాంపు అవర్ కూడా పట్టదు, కంటికి మాత్రం చక్కగా తెలుస్తుంది.

సమస్య: కెమెరా, మైకు నిజంగా ఆగాయో లేదో నమ్మకం లేదు

కారణం: ఆ లైటు ఫర్మ్‌వేర్ చేతిలో ఉంది. 2013లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల కెమెరా ఫర్మ్‌వేర్ మార్చి, లైటు వెలగకుండానే కెమెరా నడిపి చూపించారు. 2020లో ఐఓఎస్ 14, 2021లో ఆండ్రాయిడ్ 12 స్క్రీన్ మూలన రంగు చుక్కలు చూపించడం మొదలుపెట్టాయి, మంచిదే, కానీ అవి గీసేది కూడా సాఫ్ట్‌వేరే.

పరిష్కారం: కెమెరాకి వెళ్ళే కరెంటే లైటుకి కూడా వెళ్ళాలి. కెమెరాకి కరెంటు అందితే లైటు వెలగక తప్పని విధంగా వైరింగ్ ఉండాలి, మధ్యలో ఏ ప్రోగ్రామూ ఉండకూడదు. దీంట్లో నేను రాజీ పడను.

సమస్య: స్విచ్ మీద గుర్తు ఉంది, కానీ ఇప్పుడు ఆనా, ఆఫా?

మైకు బొమ్మ మీద అడ్డగీత. అంటే మైకు ఇప్పుడు ఆగి ఉందా, లేక ఇటు జరిపితే ఆగుతుందా? రెండు అర్థాలూ వస్తాయి, సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా చదువుతారు.

కారణం: లేబుల్ స్థితిని చెబుతోందా, చేయాల్సిన పనిని చెబుతోందా అన్నది డిజైన్ చేసినవాళ్ళు తేల్చుకోలేదు.

పరిష్కారం: జరిపే స్విచ్‌కి రెండు చివర్లా లేబుల్ ఉండాలి, స్విచ్ ఎటు ఉంటే ఆ స్థితి. దానికితోడు ఆఫ్ వైపు జరిపినప్పుడు లోపల కాషాయం మచ్చ బయటపడేలా చేయండి, ఐఫోన్ పక్కన ఉండే పాత సైలెంట్ స్విచ్‌లో ఉన్నట్టు. బ్యాటరీ అయిపోయినా ఆ మచ్చ చూసి చెప్పొచ్చు. పవర్ గుర్తుల్లో కూడా తేడా గమనించండి: గీత అంటే ఆన్, సున్నా అంటే ఆఫ్, పైన తెగిన సున్నాలో గీత ఉంటే స్టాండ్‌బై (పూర్తిగా ఆగకుండా నిద్రలో ఉండడం), సున్నా పూర్తిగా ఉండి లోపల గీత ఉంటే ఒకే బటన్‌తో ఆన్, పూర్తి ఆఫ్. స్టాండ్‌బైకి మాత్రమే వెళ్ళే బటన్ మీద ఈ ఆఖరిది ముద్రించకూడదు.

సమస్య: లేబుల్ ఉంది, కానీ ఎవరూ చదవట్లేదు

కారణాలు చాలా ఉంటాయి. నల్ల కేసు మీద నల్లగానే ఉబ్బెత్తు అక్షరాలు పోయడం ఒకటి, ఫొటోలో అందంగా ఉంటుంది, చేతిలో కనిపించదు. బటన్ కింద లేబుల్ పెట్టడం ఇంకొకటి, బొటనవేలు కింది నుంచే వస్తుంది కాబట్టి సరిగ్గా నొక్కేటప్పుడే మాట మూసుకుపోతుంది. రెండు యూఎస్‌బీ-సీ పోర్టుల్లో చార్జింగ్ ఏదో చెప్పే గుర్తుని పోర్టుకి మరీ దగ్గరగా వేస్తే కేబుల్ తల దాన్ని కప్పేస్తుంది. పైపైన ముద్రించిన సిరా ఎక్కువ నొక్కే బటన్ల మీద ముందు అరిగిపోతుంది, అంటే ఎక్కువ అవసరమైన లేబులే ముందు పోతుంది.

పరిష్కారం: బటన్‌కి పైన రాయండి. అక్షరానికీ వెనక రంగుకీ కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా నిష్పత్తి, కనీసం 4.5:1 ఉండాలి. చేతిలో 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని చదివే అక్షరం ఎత్తు 2 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. బటన్ల మీద సిరా బదులు రెండు రంగుల ప్లాస్టిక్‌ని ఒకదానిలో ఒకటి పోసి అక్షరం తయారుచేస్తే, బటన్ అరిగినా అక్షరం ఉంటుంది. అది కుదరకపోతే లేజర్‌తో చెక్కించండి.

అచ్చుకి పంపే ముందు ఒక పని చేయండి. లేబుళ్ళన్నీ అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, కత్తిరించి, నమూనా మీద అంటించి, ఎప్పుడూ చూడని మనిషి చేతికివ్వండి. గదిలో లైటు సగం తగ్గించి, "చార్జింగ్ పెట్టండి, మైకు ఆపండి" అని మాత్రం చెప్పి ఊరుకోండి. వాళ్ళ బొటనవేలు ఎక్కడ ఆగుతుందో రాసుకోండి, మార్చాల్సింది అక్కడే ఉంటుంది.