సీఎన్‌సీ టర్నింగ్ 7వ పాఠం: గాడి ఎందుకు జరిగింది? పార్టింగ్ ఎలా మొదలుపెట్టాలి?

పోయిన పాఠంలోని గ్రూవ్ (గాడి) చేసి చూసినవాళ్లలో ఎక్కువమందికి ఒకే తేడా వచ్చింది. జాబ్ ముందు ఫేస్ జెడ్ సున్నా, అక్కడి నుంచి చక్ (రాడ్‌ను పట్టుకునే భాగం) వైపు కొలతలు మైనస్. జెడ్-20 నుంచి జెడ్-26 దాకా 6 మి.మీ. గాడి రావాలి. మీకు జెడ్-17 దగ్గరే మొదలై 9 మి.మీ. అయింది. మెషిన్‌లో ప్లే (వదులు) ఉందేమోనని అడిగారు. మెషిన్ బాగానే ఉంది. ఇది తేలకుండా పార్టింగ్‌కు, అంటే తయారైన జాబ్‌ను రాడ్ నుంచి కోసి వేరుచేయడానికి, వెళ్తే ప్రతి జాబూ 3 మి.మీ. పొట్టిగా వస్తుంది, అందుకే ముందు ఇదే చూద్దాం.

గ్రూవింగ్ ఇన్సర్ట్‌కు (గాడి కోసే కార్బైడ్ ముక్కకు) రెండు మూలలుంటాయి. ఆఫ్‌సెట్ (టూల్ ఎక్కడుందో మెషిన్‌కు చెప్పే కొలత) తీసేటప్పుడు జాబ్ ముందు ఫేస్‌కు తాకేది ఎడమ మూల, అంటే చక్ వైపుది. ఇక కంట్రోలర్‌కు టూల్ అంటే ఆ మూల ఒక్కటే. ఆ మూలకు కుడివైపున ఇంకా 3 మి.మీ. కార్బైడ్ ఉందని కంట్రోలర్‌కు తెలియదు. మీరు జెడ్-20కి పంపితే ఇన్సర్ట్ -20 నుంచి -17 వరకు కోస్తుంది. కాబట్టి మొదటి కోత జెడ్-23 దగ్గర, చివరిది జెడ్-26 దగ్గర పడాలి. గాడి కుడి గోడ కొలతకు ఇన్సర్ట్ వెడల్పు కలపాలి. ఎడమ గోడకు ఏమీ కలపక్కర్లేదు.

ఇంకో లెక్క. జెడ్-12 నుంచి -17 వరకు 5 మి.మీ. గాడి, అదే ఇన్సర్ట్. మొదలు జెడ్-15, చివర జెడ్-17. జి75లో (గాడి కోసే సైకిల్) క్యూ, అంటే ఒక్కో కోతకు పక్కకు జరిగే దూరం, ఇన్సర్ట్ వెడల్పు కంటే తక్కువ ఉండాలి, లేకపోతే మధ్యలో గోడ మిగులుతుంది. ఫానుక్ కంట్రోలర్‌లో పీ (ఒక్కో పొడుపు లోతు), క్యూ మైక్రాన్లలో, చుక్క లేకుండా రాయాలి.

పార్టింగ్‌కూ ఇదే లెక్క. 40 మి.మీ. జాబ్ కావాలంటే జెడ్-43కి వెళ్లాలి. జెడ్-40 రాస్తే 37 మి.మీ. జాబ్ ట్రేలో పడుతుంది.

కొన్ని షాపుల్లో కుడి మూలతో ఆఫ్‌సెట్ పెడతారు. అప్పుడు జెడ్-40 అనే రాయాలి. నేను ఎడమ మూలే వాడతాను, ఎందుకంటే టూల్ చక్‌కు ఎంత దగ్గరగా ఉందో స్క్రీన్ మీది అంకె చూస్తేనే తెలుస్తుంది. మీరు ఏది వాడినా సెటప్ షీట్ మీద రాయండి. బాలానగర్, జీడిమెట్ల జాబ్‌వర్క్ షాపుల్లో షిఫ్ట్ మారినప్పుడు వచ్చేవాళ్లకు మీ మనసులో ఉన్నది తెలియదు.

ఇక పార్టింగ్. చక్‌కు వీలైనంత దగ్గరగా కోయండి, బ్లేడ్ అవసరానికి మించి బయటికి రాకూడదు, కూలెంట్ గాడిలోకే పడాలి. సెంటర్ హైట్ (రాడ్ మధ్య గీతకూ టూల్ అంచుకూ ఎత్తులో తేడా) 0.1 మి.మీ. లోపు ఉండాలి. టూల్ కిందికి ఉంటే మధ్యలో తెగకుండా మిగిలే బొడిపె పెద్దదవుతుంది, పైకి ఉంటే ఇన్సర్ట్ రుద్దుకుని విరుగుతుంది.

జి96 (వ్యాసం తగ్గేకొద్దీ స్పిండిల్ వేగం పెంచే ఆదేశం) పెట్టి జి50 (స్పిండిల్ వేగానికి హద్దు) మరిచిపోవడం మాత్రం ప్రమాదం. నిమిషానికి 120 మీటర్ల కోత వేగంతో 40 మి.మీ. రాడ్ దగ్గర స్పిండిల్ సుమారు 955 ఆర్‌పీఎం తిరుగుతుంది. వ్యాసం 10 అయ్యేసరికి 3820, 4 అయ్యేసరికి 9550 అడుగుతుంది. అంటే స్పిండిల్ దాని గరిష్ఠ వేగానికి పోతుంది. స్పిండిల్ వెనక నుంచి రాడ్ బయటికి ఉంటే అది వంగి కొరడాలా కొడుతుంది, పక్కన మనిషి ఉంటే ప్రాణానికే ముప్పు. జి96కు ముందు జి50 ఎస్2000 రాయకుండా సైకిల్ స్టార్ట్ నొక్కవద్దు. రాడ్ వెనక బయటికి ఉంటే కోసి పొట్టి చేసుకోండి.

3 మి.మీ. ఇన్సర్ట్‌తో మైల్డ్ స్టీల్‌కు ఫీడ్ (రాడ్ ఒక్కసారి తిరిగేలోపు టూల్ కదిలే దూరం) 0.08 మి.మీ.తో మొదలుపెట్టండి. వ్యాసం 4 దగ్గర 0.03కు తగ్గించండి. బొడిపె పోవాలని చాలామంది ఏటవాలు అంచు ఇన్సర్ట్ కొంటారు. అది బొడిపె తగ్గిస్తుంది కానీ బ్లేడ్‌ను పక్కకు తోసి ఫేస్‌ను వంపుగా చేస్తుంది. రెండో సెటప్‌లో ఎలాగూ ఫేసింగ్ ఉంటే నేను తిన్నని అంచే వాడతాను.

అభ్యాసం: 25 మి.మీ. మైల్డ్ స్టీల్ రాడ్ చక్ బయట 45 మి.మీ. పెట్టి, ఫేసింగ్ ఒక్కసారే చేసి, 3 మి.మీ. మందం బిళ్ళలు ఐదు కోయండి. ఐదు జెడ్ విలువలూ ముందే కాగితం మీద రాసుకోండి. బొడిపెకు దూరంగా, అంచు దగ్గర మైక్రోమీటర్‌తో కొలవండి. ఏ బిళ్ళా 0.05 కంటే తేడా రాకూడదు. ఐదూ సమానంగా పల్చగా వస్తే ఇన్సర్ట్ అసలు వెడల్పు 3 కంటే ఎక్కువుంది, దాన్ని కొలిచి లెక్క మార్చండి. మొదటిది ఒక్కటే తేడాగా వస్తే జెడ్ ఆఫ్‌సెట్ మళ్లీ తీయండి.