యంత్రపు చేయి కట్టే ముందు

పర్లాకిమిడిలో మా పిల్లలు సైన్సు ప్రదర్శనకు చిన్న యంత్రపు చేయి కడుతున్నారు. రంపం పట్టే ముందు ఇవి చూసుకోండి.

– మొదట బరువు. ఘన సెంటీమీటరుకు ఉక్కు సుమారు 7.8 గ్రాములు, అల్యూమినియం 2.7. చేయి కొసన తగ్గించిన ప్రతి గ్రామూ మోటారుకు ఊరట. మోటార్లను వీలైనంతవరకు భుజం దగ్గరే బిగించండి.

– నైలాన్ పళ్ల చక్రాలు పెద్దగా చప్పుడు చేయవు, కానీ తేమ పీల్చి ఉబ్బుతాయి. మహేంద్రతనయ ఒడ్డున వానాకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? పళ్ల మధ్య కాస్త సందు వదలండి, లేదా తేమ చాలా తక్కువగా పీల్చే అసిటాల్ అనే ప్లాస్టిక్ వాడండి. త్రీడీ ప్రింటరులో పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో తీసిన ముక్కలు 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. వేసవిలో బరంపురం వెళ్తూ మూసిన కారులో వదిలితే వంగిపోతాయి. నాకు అనుభవమే.

– 9 గ్రాముల సర్వో మోటారును (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటారు) చేత్తో బలవంతంగా తిప్పకండి. లోపలి ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి.

– కరెంటు పోయినా ఎత్తిన బరువు జారకూడదంటే ఒంటి మర ఉన్న వర్మ్ గేరు (మర లాంటి కడ్డీ పళ్ల చక్రాన్ని తిప్పే అమరిక) మేలు. శక్తి మాత్రం బాగా వృథా అవుతుంది. దూరానికి కదలిక అందించాలంటే పళ్ల బెల్టు. రబ్బరు బ్యాండు వద్దు, జారుతుంది.

– సర్వోలకు కరెంటు ఆర్డ్యునో బోర్డు (మోటార్లకు ఆదేశాలిచ్చే చిన్న కంప్యూటరు బోర్డు) నుంచి తీయకండి. వేరే సరఫరా పెట్టి, రెండింటి గ్రౌండు (మైనస్) తీగలు కలపండి.