18 నిండిన బిడ్డకు గార్డియన్‌షిప్ సర్టిఫికెట్: దరఖాస్తు ఎలా?

బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డకు 18 నిండగానే బ్యాంకులో కొత్త చిక్కు మొదలవుతుంది. మైనర్ ఖాతాను మార్చాలి, అబ్బాయితో సంతకం పెట్టించండి అంటారు కౌంటర్లో. ‘మేం కన్నవాళ్లం కదండీ’ అన్నా కుదరదు. మైనారిటీ తీరాక చట్టం దృష్టిలో తల్లిదండ్రులు ఆటోమేటిక్‌గా గార్డియన్లు (చట్టబద్ధ సంరక్షకులు) కారు.

ఇందుకు కోర్టుకే వెళ్లాలనుకుని చాలామంది టెన్షన్ పడతారు. అక్కర్లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం జిల్లాలో ఉండే స్థానిక స్థాయి కమిటీయే గార్డియన్‌ను నియమిస్తుంది. కలెక్టర్ స్థాయి అధికారి, నేషనల్ ట్రస్ట్‌లో నమోదైన ఒక సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు అందులో ఉంటారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల కదలికలు దెబ్బతినడం), బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికే ఇది వర్తిస్తుంది. మిగతావారి సంగతి 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చూస్తుంది.

దరఖాస్తు ఫారం-ఎ లో చేయాలి. అమ్మానాన్నలిద్దరూ ఉంటే కలిసే పెట్టాలి. ఒకరు చనిపోయినా, విడాకులైనా, వదిలేసి వెళ్లినా రెండోవారు ఒక్కరే పెట్టొచ్చు. దానికి ఆధారం జతచేయండి. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) లేదా యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు, వయసు రుజువు, ఆధార్, ఫొటోలు, గార్డియన్‌గా ఉండబోయేవారి రాతపూర్వక సమ్మతి సిద్ధంగా ఉంచుకోండి.

గార్డియన్ తల్లిదండ్రులే కానక్కర్లేదు. తమకు నచ్చిన వ్యక్తిని ప్రతిపాదించే హక్కు చట్టమే వారికి ఇచ్చింది. ‘మా తర్వాత వీడెవరికి?’ అనే దిగులున్న పెద్దవాళ్లు ఓపిక ఉండగానే అక్కనో తమ్ముడినో కూర్చోబెట్టుకుని మాట్లాడి, ఒప్పించి ఈ పని చేయాలని నా గట్టి మనవి.

గార్డియన్ ఎందుకు కావాలో రాసేచోట తొందరపడకండి. అసలు అవసరముందా, ఏయే పనులకు అన్నది కమిటీ చూస్తుంది. బ్యాంకు ఖాతా, పెన్షన్, పొలం, వైద్యం అంటూ విడివిడిగా రాయండి. బిడ్డ సొంతంగా చేసుకోగలిగిన పనులను అందులో కలపొద్దు, అవి వాళ్లవే.

కమిటీ కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలి. దరఖాస్తు ఇచ్చినప్పుడే రసీదు తీసుకుని, తర్వాతి సమావేశం ఎప్పుడో అడగండి. ఆమోదం ఫారం-బి రూపంలో వస్తుంది.

నియామకమైన ఆరు నెలల్లోపు బిడ్డ ఆస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోపు, అంటే జూన్ ఆఖరులోగా, ఏటా లెక్కలు చూపాలి. గార్డియన్ బిడ్డను పట్టించుకోకపోయినా, హింసించినా, ఆస్తి కాజేసినా తొలగించమని తల్లిదండ్రులు, బంధువులు కమిటీకే దరఖాస్తు పెట్టొచ్చు.