దుకాణం వాట్సాప్, 3వ పాఠం: స్లాష్ కొడితే జవాబు

వాట్సాప్ బిజినెస్ నంబరుకు ఫోను కాక మరో నాలుగు పరికరాలు జతచేయడం, ఆర్డర్లకు లేబుళ్లు పెట్టడం గత పాఠాల్లో చూశాం. ఇప్పుడు చీరల దుకాణానికి వచ్చే ప్రతి సందేశమూ అక్కడ జవాబులిచ్చే ముగ్గురికీ కనిపిస్తోంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. "ఫాల్, పికో చేసి పంపుతారా?" అని అడిగితే ఒకరు చేస్తామంటారు, ఇంకొకరు అదనంగా అవుతుందంటారు. క్విక్ రిప్లైలతో, అంటే ముందే రాసి దాచుకున్న జవాబులతో, సమయం కలిసివచ్చే మాట నిజమే కానీ, నన్నడిగితే అందరి నోటా ఒకే మాట రావడమే అసలు లాభం.

తయారుచేయడం తేలిక. బిజినెస్ టూల్స్‌లో క్విక్ రిప్లైస్ తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి, సందేశం రాసి, చిన్న షార్ట్‌కట్ పేరు పెట్టి సేవ్ చేయండి. చాట్‌లో స్లాష్ (/) కొట్టి ఆ పేరు ఎంచుకుంటే సందేశం టైపు చేసే పెట్టెలోకి వస్తుంది. పంపేలోపు దిద్దుకోవచ్చు. మొత్తం 50 దాచుకోవచ్చు గానీ పదిహేను దాటితే పేర్లు ఎవరికీ గుర్తుండవు.

రాయడంలోనే ఉంది పనితనమంతా. ఇది చూడండి: "ప్రియమైన కస్టమర్, మీ ఆర్డర్ ప్రాసెస్‌లో ఉంది." చదివినవారికి చీర ఎప్పుడొస్తుందో తెలియదు, మళ్లీ అడుగుతారు. దాన్నే ఇలా మార్చండి: "నమస్తే అండీ. మీ ## చీర ## నాడు కొరియర్‌కు ఇస్తాం. ఇచ్చిన సాయంత్రం ట్రాకింగ్ నంబరు పంపిస్తాం." సార్, మేడం అని ముందే రాసిపెట్టకండి, "అండీ" అంటే అందరికీ సరిపోతుంది. ఖాళీలకు చుక్కలు పెడితే కంటికి ఆనవు, అలాగే వెళ్లిపోతాయి. రెండు హ్యాష్ గుర్తులైతే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

ధరలు ఇందులో రాయకండి. నూలు రేటు మారితే చీర ధర మారుతుంది, పాత అంకె మాత్రం జవాబులో అలాగే కూర్చుంటుంది. యూపీఐ ఐడీకి మాత్రం విడిగా ఒక జవాబు ఉండాలి. అందులో ఒక్క అక్షరం తప్పినా ప్రతి కొనుగోలుదారుకూ ఆ తప్పే వెళుతుంది కాబట్టి, దాన్ని దిద్దే పని ఒక్కరికే అప్పగించండి. దిద్దినప్పుడల్లా ఒక రూపాయి పంపి చూసుకోవాలి.

రంగు దిగిందనో, అంచు చిరిగిందనో ఫోటో పంపినవారికి దాచిన జవాబు పొరపాటున కూడా పంపకండి. ఆ ఫోటో చూసి, మీ చేత్తో రాయండి.

అన్నట్టు, స్లాష్ కొట్టేముందు చాట్‌కు మీ పేరున్న లేబుల్ తగిలించండి. ఒకే జవాబు ఇద్దరి దగ్గర్నుంచి అక్షరం పొల్లుపోకుండా వెళితే, అవతల మనిషి లేడనే అనుకుంటారు.

అభ్యాసం: గత వారం చాట్‌లు తిరగేసి, కనీసం మూడుసార్లు వచ్చిన ప్రశ్నలు ఏరండి. వాటికి మీరు అప్పుడు పంపిన జవాబుల్లో మంచిదాన్నే తీసుకుని సేవ్ చేయండి, కొత్తగా కల్పించి రాయకండి. వచ్చే పాఠంలో దుకాణం మూసిన వేళ వెళ్లే సందేశం సంగతి చూద్దాం.