పుల్ల ఐసు రాయిలా గడ్డకట్టకుండా ఉండాలంటే

మా అమ్మాయికి ఐదేళ్లప్పుడు మొదటిసారి ఇంట్లో పుల్ల ఐసు చేశాను. పుచ్చకాయ రసం తీసి, ఇంకేమీ కలపకుండా మోల్డ్‌లో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. పిల్లకి పంచదార తగలకూడదని అప్పట్లో పట్టుదల. మర్నాడు తీసి ఇస్తే రెండు నిమిషాలు చప్పరించింది. ఎర్రటి రంగంతా నోట్లోకి వెళ్లిపోయి పుల్లకి తెల్లటి గడ్డ మిగిలింది. "అమ్మా, ఇందులో పండు అయిపోయింది" అంది. నిజంగానే అయిపోయింది.

పుచ్చకాయలో నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లే. ఫ్రీజర్‌లో ముందు గడ్డకట్టేవి ఉత్త నీళ్లు. తీపి, రంగు, వాసన ఆ ఐసు పలుకుల సందుల్లో చిక్కటి రసంగా ఉండిపోతాయి. చప్పరించగానే ముందు వచ్చేసేది ఆ రసమే. అందుకే ఇప్పుడు ఏ పండు చేతిలోకి తీసుకున్నా ముందు దాని నీళ్ల సంగతే ఆలోచిస్తాను. వాటిని తగ్గించాలి, లేదంటే అవి పెద్ద పెద్ద పలుకులు కట్టకుండా ఏదో ఒకటి అడ్డం వేయాలి.

అలా అడ్డుపడేవాటిలో మొదటిది పంచదార. అది తీపి కోసమే అనుకుంటాం గానీ, నీళ్లు పూర్తిగా గడ్డకట్టకుండా పట్టి ఉంచేది కూడా అదే. బొత్తిగా మానేస్తే పన్ను దిగదు. మరీ ఎక్కువైతే రాత్రంతా ఉంచినా జారుగానే ఉంటుంది. ఇంకో సంగతి, బాగా చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది. కాబట్టి మోల్డ్‌లో పోసే ముందు రుచి చూస్తే "కాస్త ఎక్కువైందేమో" అనిపించాలి. "సరిగ్గా ఉంది" అనిపించిందా, ఇంకో చెంచా వేయండి. తేనె వాడినా పని జరుగుతుంది, కాకపోతే దాని వాసన పండు వాసనని కమ్మేస్తుంది. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె అసలు పెట్టకూడదు.

మా ఇంట్లో ఎక్కువసార్లు చేసేది మామిడిపండు, పెరుగు కలిపిన ఐసు. ఆరు పుల్లలకి కప్పున్నర గుజ్జు, ఒక కప్పు పెరుగు, మూడు పెద్ద చెంచాల పంచదార, అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు. పెరుగుని పల్చటి గుడ్డలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి రెండు గంటలు ఫ్రిజ్‌లో వదిలేస్తాను. గిన్నెలోకి నీళ్లు దిగిపోయి, గుడ్డలో వెన్నలాంటి ముద్ద సుమారు అరకప్పు మిగులుతుంది. ఈ రెండు గంటలు మాత్రం దయచేసి ఎగ్గొట్టకండి. పలుకులు లేని మెత్తదనం అంతా ఇక్కడే వస్తుంది.

గుజ్జులో పీచు ఉంటే వడకట్టి, పంచదార, నిమ్మరసం, ఉప్పు వేసి మిక్సీలో తిప్పాలి. వేళ్ల మధ్య రుద్దితే గరగర తగలకూడదు. తగిలిందంటే పంచదార ఇంకా కరగలేదు. పెరుగు ముద్ద మాత్రం గరిటెతో కలపండి, మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే పల్చబడిపోతుంది. ఉప్పు, నిమ్మరసం మానేద్దామని రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఐసు చప్పగా, ఒట్టి తీపిగా వచ్చింది.

కలిపినదాన్ని గంటసేపు ఫ్రిజ్‌లో చల్లబరిచి, అప్పుడు మోల్డ్‌లో పోస్తాను. ఎంత త్వరగా గడ్డకడితే పలుకులు అంత చిన్నగా ఉంటాయి. పైన ఒక సెంటీమీటరు ఖాళీ వదలాలి. నీళ్లు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం పెరుగుతాయి, అంచుదాకా పోస్తే పొంగి మూతకి అంటుకుంటుంది. మోల్డ్ లేకపోతే చిన్న స్టీలు గ్లాసులు బ్రహ్మాండంగా పనికొస్తాయి. లోహం కాబట్టి ప్లాస్టిక్ కంటే త్వరగా చల్లబడుతుంది. గ్లాసు మీద ఫాయిల్ బిగించి, మధ్యలో చిన్న గాటు పెట్టి పుల్ల దూర్చితే నిటారుగా నిలబడుతుంది. తలుపు దగ్గర కాకుండా ఫ్రీజర్‌లో వెనక్కి పెట్టి, ఎనిమిది గంటలు దాని జోలికి వెళ్లకండి.

తీసేటప్పుడు పుల్ల పట్టుకుని లాగకండి. గోరువెచ్చటి నీళ్లలో పది, పదిహేను సెకన్లు ముంచితే దానంతటదే జారుతుంది.

అరటిపండుకి ఇంత తతంగం లేదు. బాగా పండినవాటి తొక్క తీసి, చక్రాల్లా కోసి, గడ్డకట్టించి, మిక్సీలో కాస్త ఓపికగా తిప్పితే చాలు. మొదట పొడిపొడిగా అవుతుంది. ఆపకుండా, మధ్యమధ్యలో గిన్నె అంచులు గీకుతూ తిప్పితే ఒక్కసారిగా ఐస్‌క్రీములా మారిపోతుంది. వెంటనే తినాలి.

అనాసపండుని ఉడికించకుండా పాలతో కలపకండి. ఒకసారి కలిపి పెట్టేసరికి గంటలో చేదెక్కి, మొత్తం పారబోయాల్సి వచ్చింది. ఆ పండులోని ఎంజైము పాలలోని ప్రొటీనుని విరిచేస్తుంది. ముక్కల్ని ఐదు నిమిషాలు పంచదారతో ఉడికించి చల్లార్చితే ఆ బెడద ఉండదు. కివీ కూడా అంతే.

ఇక పుచ్చకాయ. దాని నీళ్లు తగ్గించలేం కాబట్టి పుల్ల ఐసు చేయడం మానేసి పొరపొరలుగా గీకుతాం. మూడు కప్పుల రసంలో నాలుగు చెంచాల పంచదార, ఒక నిమ్మకాయ రసం కలిపి వెడల్పాటి లోతులేని పళ్లెంలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాలి. ముప్పావు గంటకి అంచుల వెంట సన్నటి ఐసు రేకులు కడతాయి. ఫోర్కుతో వాటిని మధ్యలోకి గీకి మళ్లీ పెట్టాలి. అరగంటకోసారి ఇలా నాలుగైదుసార్లు గీకితే పళ్లెం నిండా ఎర్రటి మంచులా అవుతుంది. చివరి చెంచాలో కూడా పండు రుచే ఉంటుంది. ఇప్పుడు గీకే పని మా అమ్మాయిదే, ఫోర్కు నా చేతికి ఇవ్వదు.

చేసినవి మిగిలితే ఒక్కోదాన్నీ బటర్ పేపర్‌లో చుట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. రెండు వారాల్లోపు తినేయండి. ఆ తర్వాత పైన తెల్లటి మంచు పేరుకుని, ఫ్రీజర్ వాసన పడుతుంది.