విదేశీ పెట్టుబడి వెనుదిరిగే ముప్పును ముందే పసిగట్టడం ఎలా?

వర్ధమాన దేశంలోకి విదేశీ పెట్టుబడి వెల్లువెత్తుతున్నప్పుడు, ఏడాదిలోపు తీర్చవలసిన విదేశీ అప్పును కేంద్ర బ్యాంకు చేతిలోని విదేశీ మారక నిల్వలతో పోల్చి చూడండి. అప్పే ఎక్కువైతే, మిగతా లెక్కలు ఎంత బాగున్నా నమ్మకండి. నిల్వల అంకెను కూడా పైపైన చూసి వదలకూడదు. 1997లో థాయిలాండ్ కేంద్ర బ్యాంకు లెక్కల్లో 30 బిలియన్ డాలర్లకు పైగా కనిపించినా, తమ కరెన్సీ అయిన బాత్‌ను కాపాడేందుకు చేసుకున్న ఫార్వర్డ్ ఒప్పందాల (ముందే కుదిరిన ధరకు తర్వాతి తేదీన డాలర్లు ఇస్తామన్న ఒప్పందాల) వల్ల అందులో అధికభాగం అప్పటికే బాకీపడి ఉంది. జూలై 2న బాత్‌ను మార్కెట్‌కు వదిలేయగా, 25 బాత్‌ల దగ్గర ఉన్న డాలరు మారకం ఏడాది తిరగకముందే 50 దాటింది. డాలర్లలో అప్పు తెచ్చి, బాత్‌లలో అద్దెలు వసూలు చేసుకునే స్థిరాస్తి వ్యాపారికి బాకీ రెట్టింపయింది. అందువల్ల అప్పు ఏ కరెన్సీలో ఉందో, ఆదాయం ఏ కరెన్సీలో వస్తుందో విడిగా రాసుకోండి. ఆపైన కరెంటు ఖాతా లోటును, అంటే దిగుమతులు, వడ్డీల వంటి వాటికి దేశం బయటికి చెల్లించేది ఎగుమతుల వంటి వాటితో సంపాదించేదానికంటే ఎంత ఎక్కువో, గమనించండి: 2012-13లో అది మన జీడీపీలో 4.8 శాతానికి చేరింది, ఆ మరుసటి ఆగస్టులో డాలరు 68 రూపాయలు దాటింది.