ఒడ్డున ఏరిన నత్తలను ఉప్పునీటి అక్వేరియంలో వేసే ముందు

అద్దాలకు పట్టిన నాచు తింటాయని తీరంలో నత్తలు ఏరబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

• అక్కడ ఏరడానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి. మురుగు కాలువలు, పడవల రేవుల పక్కన దొరికేవి వద్దే వద్దు.

• శంకువు ఆకారంలో, అందమైన మచ్చలతో ఉన్న గుల్లను ముట్టుకోకండి. అది కోన్ స్నెయిల్ అయితే దాని విషపు ముల్లు గ్లౌజును కూడా చీల్చుకుని దిగగలదు. కొన్ని జాతుల విషం మనిషి ప్రాణం తీస్తుంది, విరుగుడు మందు లేదు. పిల్లలు వెంట ఉంటే ఇదే మొదట చెప్పండి.

• గుల్ల మూతి దగ్గర గాడి, అందులోంచి బయటికొచ్చే చిన్న గొట్టం కనిపిస్తే అది చాలావరకు మాంసం తినే రకం. నాచు వదిలేసి తోటి నత్తల మీద పడుతుంది.

• చల్లటి తీరాల నత్తలు 25–26 డిగ్రీల ట్యాంకులో ఎక్కువ కాలం బతకవు. పాపం, వాటిని తేకపోవడమే మేలు.

• కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచండి. రాగి కలిసిన మందు ఎప్పుడైనా వాడిన తొట్టి మాత్రం పనికిరాదు. ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా కలుపుతూ అలవాటు చేయండి.

• కదలని నత్తను తీసి చూడండి. బతికున్నది తాకగానే సాధారణంగా గుల్ల మూతికున్న మూత బిగిస్తుంది. చచ్చినదైతే కుళ్లు వాసన గుప్పుమంటుంది, వెంటనే తీసేయకపోతే అమ్మోనియా పెరుగుతుంది.

• పెరివింకిల్ అనే ఒడ్డు నత్తల రకాలు నీళ్లు దాటి పైకి పాకుతాయి. ట్యాంకుకు మూత పెట్టండి.

• వద్దనుకున్నా మళ్లీ సముద్రంలో వదలకండి, ట్యాంకు జబ్బులు అక్కడికి చేరతాయి.